నాణేల డై భేదాల ధ్రువీకరణ

నాణేల డై భేదాల ధ్రువీకరణ అనగా ఒకే సంవత్సరంలో, ఒకే టంకశాలలో, ఒకే విలువతో ముద్రించిన నాణేలలో ఒక నాణెం ప్రత్యేకించి ఏ అచ్చు నుండి వెలువడినదో పరిశీలించి, ఆ నిర్ణయాన్ని నాణెంతో పాటు నమోదు చేసే ప్రక్రియ. నాణెంపై బొమ్మను ముద్రించే ఉక్కు అచ్చును డై అంటారు. డైలోనే ఉన్న ప్రత్యేకత కారణంగా దానితో కొట్టిన నాణేలన్నిటిపైన ఒకే విధంగా కనబడే తేడాను డై భేదం అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల నాణేల విషయంలో ఈ ధ్రువీకరణ విస్తృతంగా అభివృద్ధి చెందింది. నాణెం ఎంత చక్కగా నిలిచి ఉన్నదో చెప్పేది గ్రేడు. ఆ నాణెం ఏమిటో చెప్పేది భేద నిర్ణయం. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. కంటికి ఒకేలా కనిపించే రెండు నాణేలలో ఒకటి ముఖవిలువకు, మరొకటి వేల డాలర్లకు అమ్ముడుపోవడానికి చాలాసార్లు రెండవ ప్రశ్నకు వచ్చిన సమాధానమే కారణం.

డై తయారయ్యే విధానం

డై భేదాలను అర్థం చేసుకొనుటకు ముందుగా డై ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. నాణెంపై బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది. కనుక డైపైన అదే బొమ్మ తలక్రిందులైన రీతిలో, లోతుగా ఉండాలి. ఆధునిక టంకశాలలలో మొదట ఉబ్బెత్తు బొమ్మ గల ఉక్కు దిమ్మెను తయారు చేస్తారు. దీనిని మాస్టర్ హబ్ అంటారు. దీనిని మరొక ఉక్కు దిమ్మెపై అదిమితే మాస్టర్ డై, దాని నుండి పని హబ్బులు, వాటి నుండి పని డైలు వస్తాయి. నాణేలను కొట్టేది ఈ పని డైలతోనే. ఒక డై అరిగిపోగానే మరొక డైని అమర్చుతారు. కనుక ఒకే సంవత్సరపు నాణేలు అనేక డైల నుండి వెలువడుతాయి.

పూర్వం హబ్బును డైపై ఒక్కసారి అదిమితే బొమ్మ పూర్తిగా దిగేది కాదు. ఒకసారి అదిమిన పిదప గట్టిపడిన ఉక్కును కొలిమిలో కాల్చి, మెత్తబరచి, మరల అదే స్థానంలో అదిమేవారు. రెండవసారి అదిమినప్పుడు స్థానం ఏమాత్రం తప్పినా డైపైన రెండు బొమ్మలు పడేవి. 1990ల దశకం చివరినాటికి అమెరికా టంకశాలలు ఒకే అదుముతో డైని తయారు చేసే పద్ధతికి మారసాగాయి. అయినను జంటబొమ్మలు పూర్తిగా అంతరించలేదు. 2009లో అబ్రహాం లింకన్ యౌవనాన్ని చూపుతూ విడుదలైన సెంటు నాణేలలో కొన్నిటిపై లింకన్ చేతికి అదనపు వ్రేలు ఉన్నట్లు కనబడుట ఇందుకు ఉదాహరణ.

టంకశాల గుర్తు విషయం వేరు. డెన్వర్‌కు డి, శాన్ ఫ్రాన్సిస్కోకు ఎస్ వంటి అక్షరాలను 1980ల దశకం చివరి వరకు చాలావరకు ప్రతి పని డైపైన చేతితోనే కొట్టేవారు. అనగా హబ్బుతో బొమ్మ దిగడం ఒక పని, తరువాత అక్షరాన్ని కొట్టడం మరొక పని. ధ్రువీకరణలో ఈ చిన్న విషయానికి ఎంత ప్రాముఖ్యం ఉన్నదో దిగువ ఉదాహరణలలో కనబడుతుంది.

డై భేదాలలో రకాలు

జంటముద్ర డై: హబ్బు స్థానం తప్పడం వలన అక్షరాలు, అంకెలు, బొమ్మ రెండుగా కనబడుట. దీనిని ఆంగ్లంలో డబుల్డ్ డై అంటారు. తప్పు జరిగిన తీరును బట్టి వీటిని ఎనిమిది తరగతులుగా విభజించారు.

మరుకొట్టు టంకశాల గుర్తు: చేతితో కొట్టిన అక్షరం మొదట సరిగా పడక మరల కొట్టినప్పుడు రెండు ఆనవాళ్ళు మిగులుట. ఒక టంకశాల గుర్తుపై మరొక టంకశాల గుర్తు పడిన సందర్భాలు కూడా ఉన్నాయి. కార్సన్ సిటీ టంకశాల 1893 తరువాత నాణేల ముద్రణ నిలిపివేసింది. అక్కడ మిగిలిన డైలపై ఉన్న రెండు సి అక్షరాల మీద న్యూ ఆర్లియన్స్ గుర్తు అయిన ఓ అక్షరాన్ని కొట్టి 1900 నాటి వెండి డాలర్లను ముద్రించారు.

సంవత్సరంపై సంవత్సరం: ఒక ఏటి అంకె మీద మరొక ఏటి అంకె పడుట. 1942 నాటి డైమ్ (పది సెంట్ల) నాణేలలో కొన్నిటిపై 2 అంకె క్రింద 1 అంకె కనబడుతుంది. ఒక డైకి 1941 హబ్బును, 1942 హబ్బును రెండింటినీ వాడడమే దీనికి కారణం.

సానపట్టుట వలన, గాట్ల వలన కలిగిన భేదాలు: డైని శుభ్రపరచుటకు సాన పట్టినప్పుడు బొమ్మలో కొంత భాగం చెరిగిపోవచ్చును. డైపై గాటు పడితే నాణెంపై అదనపు గీత ఉబ్బెత్తుగా వస్తుంది. 2004లో డెన్వర్‌లో ముద్రించిన విస్కాన్సిన్ క్వార్టర్ నాణేలలో మొక్కజొన్న పొత్తు ప్రక్కన అదనపు ఆకు ఉన్నట్లు కనబడే రెండు భేదాలు ప్రసిద్ధమైనవి.

చేతితో చెక్కిన డైల భేదాలు: పద్దెనిమిదవ శతాబ్దం చివర ప్రతి డైని దాదాపు విడిగా చేతితో పూర్తి చేసేవారు. అందువలన అక్షరాల మధ్య దూరం, ఆకుల సంఖ్య వంటివి డై డైకి మారేవి. 1794 నాటి పెద్ద సెంట్లలో ఒక భేదానికి బొరుసు వైపు అంచు వెంబడి 94 చిన్న నక్షత్రాలు ఉన్నాయి.

డై భేదం కానివి

డై భేదానికి ముఖ్య లక్షణం పునరావృత్తి. ఆ డై నుండి వెలువడిన ప్రతి నాణెంపైన తేడా అదే చోట, అదే ఆకారంలో ఉండాలి. బిళ్ళ పక్కకు జరిగి సగం బొమ్మ మాత్రమే పడుట, బిళ్ళ అంచు తెగి ఉండుట వంటివి ఆ ఒక్క నాణేనికి జరిగిన ముద్రణ లోపాలు. వీటికి కూడా విలువ ఉండవచ్చును గాని ఇవి డై భేదాలు కావు.

సేకర్తలు ఎక్కువగా పొరబడేది యంత్రపు కదలిక వలన ఏర్పడే జంట గీతల విషయంలో. నాణెం కొట్టిన క్షణంలో డై కొద్దిగా కదిలితే అప్పుడే పడిన అక్షరాల అంచు ప్రక్కకు నెట్టబడి, మెట్టు వలె చదునుగా అణగిపోతుంది. ఇక్కడ అక్షరంలో ఉన్న లోహమే నలిగి జరుగుతుంది, కనుక అసలు అక్షరం సన్నబడుతుంది. నిజమైన జంటముద్రలో రెండవ బొమ్మ అదనంగా వస్తుంది. అక్షరం లావుగా కనబడుతుంది, రెండు బొమ్మలకూ గుండ్రని ఉబ్బెత్తు ఉంటుంది, అక్షరాల మూలలు చీలినట్లు కనబడతాయి. మొదటిదానికి అదనపు విలువ ఉండదు.

అరిగిన డై వలన కూడా అక్షరాల చుట్టూ నీడ వంటి మసక జంట ఏర్పడుతుంది. 1955 నాటి సెంట్లలో చివరి 5 అంకె ఇట్లు కనబడే నాణేలు చాలా ఉన్నాయి. వీటిని అమెరికాలో పేదవాని జంటముద్ర అని వేళాకోళంగా పిలుస్తారు.

జాబితాలు, సంఖ్యలు

ధ్రువీకరణ సంస్థలు భేదాలను తామే కనిపెట్టి పేర్లు పెట్టడం అరుదు. పరిశోధకులు ప్రచురించిన జాబితాలే వాటికి ఆధారం. అమెరికా తొలినాటి పెద్ద సెంట్లకు విలియం షెల్డన్ 1949లో ప్రచురించిన గ్రంథంలోని సంఖ్యలు నేటికీ వాడుకలో ఉన్నాయి. పైన చెప్పిన 94 నక్షత్రాల సెంటు షెల్డన్ 48. నాణెం స్థితిని 1 నుండి 70 వరకు అంకెలతో కొలిచే పద్ధతి కూడా ఆ గ్రంథంలోనిదే. తొలినాటి అర డాలర్లకు ఓవర్టన్ సంఖ్యలు ఉన్నాయి. మోర్గాన్, పీస్ వెండి డాలర్ల భేదాలకు లెరాయ్ వాన్ అలెన్, జార్జ్ మాలిస్‌ల పేర్ల మొదటి అక్షరాలతో వి.ఎ.ఎం. సంఖ్యలు ఏర్పడ్డాయి. బిల్ ఫివాజ్, జె.టి. స్టాంటన్ కలిసి వ్రాసిన చెర్రీపికర్స్ గైడ్‌లోని భేదాలకు ఎఫ్.ఎస్. సంఖ్యలు ఇస్తారు.

ధ్రువీకరణ సంస్థలు

అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ 1972లో నాణేల ప్రామాణికతను పరిశీలించే సేవను ప్రారంభించింది. దీనికి ఎనాక్స్ అనే పేరు స్థిరపడింది. 1979 నుండి గ్రేడు నిర్ణయించుట కూడా చేపట్టింది. 1990లో ఈ సేవ ప్రైవేటు సంస్థ చేతికి మారింది. 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. పని మొదలుపెట్టాయి. నాణేన్ని పరిశీలించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో చీటీతో సహా భద్రపరచి, తెరిస్తే తెలిసిపోయేలా సీలు వేసే పద్ధతిని ఇవి వ్యాప్తిలోకి తెచ్చాయి. ఈ పెట్టెను సేకర్తలు స్లాబ్ అంటారు.

గుర్తించే విధానం

సాధారణంగా భేద నిర్ణయం గ్రేడింగుతో పాటు దానంతట అదే జరగదు. చాలా ప్రసిద్ధమైన కొన్ని భేదాలను మినహాయిస్తే, నాణెం పంపేవారు దరఖాస్తులో ఆ సేవను కోరి, అదనపు రుసుము చెల్లించాలి. ఏ జాబితాలోని ఏ సంఖ్య అని భావిస్తున్నారో కూడా వ్రాయవలసి ఉంటుంది. ఆ పైన పరిశీలన ఈ క్రమంలో జరుగుతుంది.

1. నాణెం అసలైనదా, నకిలీయా అన్నది మొదట తేల్చుతారు. బరువు, వ్యాసం, లోహపు రంగు, అంచు చూస్తారు.

2. తరువాత నాణేన్ని భూతద్దంతోను, అవసరమైతే సూక్ష్మదర్శినితోను చూస్తారు. వెలుతురు ఒకే ప్రక్క నుండి పడితే మెట్టు వంటి అణగుడు కూడా జంటబొమ్మలా భ్రమింపజేస్తుంది. అందువలన నాణేన్ని త్రిప్పుతూ, వేర్వేరు కోణాలలో పరిశీలిస్తారు.

3. ప్రధాన భేదం కనబడినంత మాత్రాన సరిపోదు. ఆ డైకి మాత్రమే చెందిన ఇతర ఆనవాళ్ళు ఉన్నాయా అని వెదుకుతారు. డైపై మిగిలిన సాన గీతలు, పగుళ్ళు, గాట్లు, టంకశాల గుర్తు ఉన్న ఖచ్చితమైన స్థానం ఇందులోకి వస్తాయి. బొమ్మ వైపున ఉన్న భేదానికి బొరుసు వైపున సాక్ష్యం దొరకడం కూడా కద్దు. ఏ బొమ్మ డై ఏ బొరుసు డైతో జతగా పనిచేసినదో పరిశోధకులు నమోదు చేసి ఉంచారు.

4. ఈ ఆనవాళ్ళను జాబితాలలోని ఛాయాచిత్రాలతో పోల్చుతారు. డై కాలక్రమంలో అరుగుతుంది, పగులుతుంది. తొలిదశలో ఉన్న గీత చివరిదశలో మాయం కావచ్చును, లేని పగులు రావచ్చును. కనుక తేడా కనబడగానే త్రోసిపుచ్చక, డై ఏ దశలో ఉన్నదో గమనించవలసి ఉంటుంది.

5. నిర్ణయమైన పిదప సంవత్సరం, విలువ, గ్రేడు, భేదపు పేరు లేదా సంఖ్య, ఆ నాణేనికి మాత్రమే చెందిన ధ్రువీకరణ సంఖ్య చీటీపై ముద్రిస్తారు. ఇవే వివరాలు సంస్థ నమోదులోనూ చేరుతాయి. ఏ భేదానికి ఏ గ్రేడులో ఎన్ని నాణేలు ధ్రువీకరించారో తెలిపే పట్టికలు ఈ నమోదు నుండే తయారవుతాయి.

తాము గుర్తించే జాబితాలో లేని భేదమైతే, లేదా నాణెం బాగా అరిగి ఆనవాళ్ళు కనబడకుంటే, భేదపు పేరు లేకుండానే నాణెం తిరిగి వస్తుంది. చీటీపై పేరు లేనంత మాత్రాన అది సాధారణ నాణెం అని అర్థం కాదు. పంపినవారు ఆ సేవ కోరలేదేమో. పాత స్లాబులలో ఇటువంటి నాణేలను వెదికి సాధారణ ధరకు కొనుట ఎరిగిన సేకర్తలకు అలవాటు.

ప్రసిద్ధ ఉదాహరణలు

1955 జంటముద్ర సెంటు: ఫిలడెల్ఫియా టంకశాలలో ఒక డైపై బొమ్మ వైపు అక్షరాలు, సంవత్సరం స్పష్టంగా రెండేసిగా పడ్డాయి. విషయం గమనించేసరికి కొన్ని వేల నాణేలు మంచి నాణేలతో కలిసిపోయాయి. వాటిని ఏరి తీయడం కష్టమని అట్లే విడుదల చేశారు. సుమారు 20,000 నుండి 24,000 వరకు బయటకు వెళ్ళినట్లు అంచనా. యంత్రాల ద్వారా అమ్మే సిగరెట్టు పెట్టెలలో చిల్లరగా ఉంచిన సెంట్ల ద్వారా వీటిలో చాలా ప్రజలకు చేరాయి. వాడుకలో అరిగినవి కూడా వేయి డాలర్లకు పైగా పలుకుతున్నందున నకిలీలు అనేకం వచ్చాయి. అసలు నాణెంపై బొరుసు వైపున సెంటు అనే ఆంగ్ల పదంలోని టి అక్షరం వద్ద సన్నని డై గీతలు ఉంటాయి. జంటబొమ్మను అనుకరించినవారు అవతలి వైపున ఉన్న ఈ గీతలను తరచుగా మరచిపోయారు.

1969 శాన్ ఫ్రాన్సిస్కో జంటముద్ర సెంటు: ఇది చాలా అరుదైనది. ఇదే కాలంలో 1969 ఫిలడెల్ఫియా సెంటుకు నకిలీ జంటముద్ర నాణేలు తయారు కావడంతో, నకిలీలను అరికట్టే బాధ్యత గల సీక్రెట్ సర్వీస్ అధికారులు శాన్ ఫ్రాన్సిస్కోవి కూడా నకిలీలేనని భావించి కొన్నిటిని స్వాధీనం చేసుకున్నారు. తరువాత ఇవి అసలైనవేనని తేలింది. 2008లో ఒక నాణెం 1,26,500 డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. అయితే అదే సంవత్సరపు శాన్ ఫ్రాన్సిస్కో సెంట్లలో యంత్రపు కదలిక వలన జంట గీతలు పడినవి విరివిగా దొరుకుతాయి. వీటిని వేరుచేసే సూత్రం సులభమైనది. నిజమైన భేదంలో అక్షరాలు, సంవత్సరం రెండేసిగా ఉంటాయి గాని ఎస్ అక్షరం ఒంటిగానే ఉంటుంది. హబ్బు పని పూర్తయిన తరువాతనే ఆ అక్షరాన్ని చేతితో కొట్టారు కదా! ఎస్ అక్షరం కూడా జంటగా కనబడితే ఆ కదలిక నాణెం కొట్టినప్పుడు జరిగినదే.

1937 డెన్వర్ మూడుకాళ్ళ నికెల్: డైని సాన పట్టినప్పుడు అడవిదున్న ముందు కాళ్ళలో ఒకటి చెరిగిపోయింది, గిట్ట మాత్రం మిగిలింది. మామూలు నాణెంపై కాలిని చెక్కివేసి మోసగించేవారు ఉన్నారు. అసలు భేదంలో పొట్ట క్రింద నుండి నేల వరకు ఉబ్బెత్తు చుక్కల వరుస ఒకటి కనబడుతుంది. లోహాన్ని చెక్కినవారు కాలిని తొలగించగలరు గాని, లేని చుక్కలను ఉబ్బెత్తుగా మొలిపించుట వారికి కష్టం.

1922 గుర్తులేని సెంటు: ఆ ఏడు సెంట్లను డెన్వర్‌లో మాత్రమే, 71,60,000 ముద్రించారు. కనుక ప్రతి నాణెంపైన డి అక్షరం ఉండాలి. కొన్నిటిపై అది లేదు. వీటిలో ఒక డై జత నుండి వచ్చినవి బొరుసు వైపు పదునుగా ఉంటాయి. సేకర్తలు మిక్కిలి కోరేది వీటినే. డి అక్షరాన్ని గీకివేసిన నాణేలు కూడా సంతలో ఉన్నందున, అక్షరం లేకపోవడం ఒక్కటే సాక్ష్యం కాదు. ఆ డై జతకు చెందిన ఇతర ఆనవాళ్ళు సరిపోవాలి.

భారతీయ నాణేలు

భారతీయ నాణేలలోను డై భేదాల అధ్యయనం జరుగుతున్నది. 1862 అనే సంవత్సరంతోనే విక్టోరియా రాణి రూపాయలు అటు తరువాత పలు సంవత్సరాలు ముద్రించబడ్డాయి. వీటిని రాణి ప్రతిమలోని తేడాలు, బొరుసు వైపు పూల నమూనా, బొంబాయి నాణేలపై చుక్కల సంఖ్య, వాటి స్థానం ఆధారంగా విభజిస్తారు. పాల్ స్టీవెన్స్, రాండీ వైర్ 2012లో ప్రచురించిన గ్రంథం 1835 నుండి 1947 వరకు గల నాణేలకు వివరమైన సంఖ్యలు ఇచ్చింది. ఎన్.జి.సి. చీటీలపై ఈ సంఖ్యలు కనబడుతుంటాయి.

స్వతంత్ర భారత నాణేలపై సంవత్సరం క్రింద ఉండే ముంబై వజ్రం, హైదరాబాదు నక్షత్రం, నోయిడా చుక్క టంకశాల గుర్తులు మాత్రమే. కోల్‌కతా నాణేలకు గుర్తు ఉండదు. నక్షత్రం ఉన్నంత మాత్రాన అది డై భేదం కాదు. ఆ నక్షత్రం ఒక డైపై మాత్రమే రెండుసార్లు పడి, దానితో కొట్టిన నాణేలన్నిటిపై అట్లే కనబడితే అది భేదం అవుతుంది.

పరిమితులు

ధ్రువీకరణ నిపుణుల అభిప్రాయమే గాని టంకశాల ఇచ్చిన పత్రం కాదు. ఒక సంస్థ గుర్తించిన భేదాన్ని మరొక సంస్థ తన జాబితాలో చేర్చకపోవచ్చును. సంస్థల హామీ ముఖ్యంగా ప్రామాణికతకు, గ్రేడుకు సంబంధించినది. చీటీపై స్పష్టమైన వ్రాతదోషం ఉంటే దానికి హామీ వర్తించదు. స్లాబులకు సైతం నకిలీలు వచ్చినందున, చీటీపై ఉన్న సంఖ్యను సంస్థ నమోదుతోను, అక్కడ ఉన్న ఛాయాచిత్రంతోను సరిచూచుట అవసరం.

భేదానికి పేరున్నా గిరాకీ ఉండాలని లేదు. వెండి డాలర్లకే వేలాది వి.ఎ.ఎం. సంఖ్యలు ఉండగా, సాధారణ నాణెం కంటే గణనీయంగా అధిక ధర పలికేవి వాటిలో కొన్ని మాత్రమే. ధ్రువీకరణ రుసుము నాణెం విలువను మించిపోయే సందర్భాలు అనేకం. అందువలన నాణేన్ని పంపే ముందు పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో టంకశాల గుర్తు ఒంటిగా ఉన్నదా, జంట అంచు గుండ్రంగా ఉన్నదా, చదునుగా ఉన్నదా అని చూచుకొనుట మంచిది. అంచు చదునుగా మెట్టు వలె ఉంటే ఆ రుసుము మిగిలినట్లే.